షెట్లాండా, నార్త్ రొనాల్డ్సేనా? ఉన్ని గొర్రెలు చూడ్డానికి వెళ్లొచ్చాం

ఉన్ని కోసం చిన్న జాతి గొర్రెలు పెంచాలని మనసులో ఉన్నవాళ్లు స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులు, నార్త్ రొనాల్డ్సే దీవి, ఈ రెండిట్లో ఒక్కచోటికే వెళ్లగలిగితే నా ఓటు నార్త్ రొనాల్డ్సేకే. సుఖం మాత్రం షెట్లాండ్‌లోనే, అది ఒప్పుకోవాల్సిందే.

స్కాట్లాండ్ ఓడరేవు అబర్డీన్ నుంచి షెట్లాండ్ ముఖ్య పట్టణం లెర్విక్‌కి రాత్రంతా షిప్పే, 12 గంటల పైనే పడుతుంది, కేబిన్ తీసుకోండి, డబ్బులు మిగుల్తాయని కుర్చీలో కూర్చుంటే ఆ అలలకి నిద్ర పట్టదు. లెర్విక్‌లో మ్యూజియం ఫ్రీ, బాగుంది కూడా. అందరూ సెప్టెంబర్ చివర్లో వచ్చే వూల్ వీక్‌కి ఎగబడతారు (2010లో మొదలైంది), రూములు ముందే అయిపోతాయి, కానీ అది ఎక్కువగా అల్లికల వాళ్ల పండగ. పెంపకం చూడాలంటే జూన్ చివర, జూలై మంచిది. పాత రకం షెట్లాండ్ గొర్రెకి అప్పుడు ఉన్ని కుదుళ్ల దగ్గర దానంతటదే సడలుతుంది, కత్తెర పెట్టకుండా చేత్తో లాగేస్తారు, రూయింగ్ అంటారు.

గొర్రెలున్న ఇంట్లోనే గది తీసుకున్నాం. వేడినీళ్లు ఒకపూట వస్తే ఇంకోపూట రావు, అయినా ఆ ఇంటామె చెప్పిన కబుర్లకి అదంతా మర్చిపోయాం. గొర్రెకి ఏడాదికి కిలో, కిలోన్నర ఉన్ని వస్తే గొప్ప, అందుకే విత్తులు కొట్టించిన పొట్టేళ్లని కూడా ఉన్నికి ఉంచుకుంటారట, ఈనే బాధ, పాలిచ్చే బాధ లేవుగా మరి.

నార్త్ రొనాల్డ్సేకి ఆర్క్నీ దీవుల ముఖ్య పట్టణం కిర్క్‌వాల్ నుంచి ఎనిమిది సీట్ల బుల్లి విమానం, పావుగంట పైచిలుకు. పొగమంచు పట్టిందంటే క్యాన్సిలే, కాబట్టి ఒకరోజు ఎక్స్‌ట్రా పెట్టుకోండి. బస, తిండి రెండూ పక్షుల అబ్జర్వేటరీలోనే చూసుకున్నాం, పెద్దగా చాయిస్ లేదు, భోజనం మాత్రం వేడివేడిగా పెడతారు. 1832లో దీవి చుట్టూ రాళ్లు పేర్చి కట్టిన గోడ, 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అది గొర్రెల్ని లోపల ఉంచడానికి కాదు, పొలాల్లోకి రాకుండా బయటే ఆపడానికి! ఆటు సమయంలో ఒడ్డుకి దిగి సముద్రపు నాచు తింటాయి, పోటొస్తే పైకొచ్చి నెమరేస్తాయి. నాచులో రాగి తక్కువ, దొరికిన కాస్తనీ వాటి ఒళ్లు గట్టిగా పట్టుకుంటుంది, అందుకే మామూలు మేత, దాణా మీద పెడితే అదే రాగి విషమయ్యే ప్రమాదం ఉంది. ఈ జాతిని కొనాలనుకునేవాళ్లు ముందు ఇది ఆలోచించుకోవాలి.

లైట్‌హౌస్ దగ్గర ఉన్న చిన్న ఉన్ని మిల్లుకి ముందే చెప్పి వెళ్లండి. వేసవిలో గోడ రిపేరుకి వాలంటీర్లని పిలుస్తుంటారు, రాళ్లు మోసే ఓపికుంటే ఆ టైమ్‌కే ప్లాన్ చేసుకోండి, ఉన్ని కత్తిరించడానికి మందని దొడ్లోకి తోలేది కూడా వేసవిలోనే.