హెవీ లైసెన్స్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

హెవీ నేర్చుకోవడానికి డ్రైవింగ్ స్కూల్లో చేరబోతున్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. నాకు 22,000 పోయాయి. మోసపోయానని గట్టిగా చెప్పుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే లైసెన్స్ వచ్చింది, కార్డు జేబులోనే ఉంది. లారీ నడపడమే రాలేదు.

మాది గుంటూరు వైపు. నాలుగేళ్ళుగా టాటా ఏస్ తోలుతున్నాను. హెవీ ఉంటే లారీ ఎక్కొచ్చు, ఆర్టీసీలో ఎప్పుడైనా పోస్టులు పడితే అప్లై చేసుకోవచ్చు అని ఆశ. స్కూలాయన 30 రోజులు, రోజూ అరగంట స్టీరింగ్ నీ చేతిలోనే ఉంటుందన్నాడు. నమ్మి డబ్బంతా ఒకేసారి కట్టేశాను, రసీదు అంటే చిన్న చీటీ మీద రాసిచ్చాడు, దాని మీద స్టాంపు కూడా లేదు.

తీరా చూస్తే ఏడుగురికి ఒకటే లారీ. ఊరి బయట అమ్ముడుపోని ప్లాట్ల మధ్య ఒక్కొక్కరికి పది నిమిషాలు, అదీ ఎనిమిది రోజులే, ఆ తర్వాత బండి షెడ్డుకెళ్ళిందని చెప్పి మళ్ళీ పిలవలేదు. రివర్స్ మొత్తం మీద రెండుసార్లు చేయించాడు.

ఫారం 5, అంటే ట్రైనింగ్ పూర్తయిందని స్కూలు ఇచ్చే సర్టిఫికెట్, అది ఇచ్చే రోజు ఏం జరిగిందో వినండి. రిజిస్టర్ తెరిచి, ముప్పై రోజుల గడుల్లోనూ ఒకేసారి సంతకాలు పెట్టమన్నాడు. పది పెట్టాక నా చేతిలో నీలం పెన్ను తీసుకుని నల్లది ఇచ్చాడు, ఇంకో పది అయ్యాక మళ్ళీ నీలం. రోజూ వచ్చినట్టు కనపడాలి కదా! పెట్టాను. తప్పు నాది కూడా, ఒప్పుకుంటున్నా, ఆ సంతకాల వల్లే ఇప్పుడు నేను ఏం అడిగినా ఆ పుస్తకం తీసి చూపిస్తున్నాడు.

టెస్ట్ పాసయ్యాను. తర్వాత తెలిసినాయన మిర్చి యార్డుకి రమ్మని తన లారీ ఇచ్చి చూశాడు. స్టార్ట్ చేసి, హ్యాండ్‌బ్రేక్ తీసి, గేరేసి క్లచ్ వదిలితే బండి కదల్లేదు, లోపల బజర్ ఒకటే మోత. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయని, ట్యాంకులో ఆ ఎయిర్ ఎక్కేదాకా బ్రేకులు వదలవని నాకు తెలియదు! ఎలా తెలుస్తుంది, స్కూల్లో మేం వెళ్ళేసరికే ఇంజిన్ ఆన్ చేసి ఉంచేవాళ్ళు. క్లీనర్ కుర్రాడు మీటరు ముల్లు చూపించి "ఇది పైకి రావాలన్నా" అన్నాడు, వాడికి పద్దెనిమిదేళ్ళుంటాయేమో. రివర్స్ సంగతి అడక్కండి. ఓనర్ ఏమీ అనలేదు, టీ తాగించి పంపేశాడు.

ఇవన్నీ అయ్యాక కూర్చుని రూల్స్ చదివాను, ముందు చదవాల్సింది. ట్రాన్స్‌పోర్ట్ బండికి 20 ఏళ్ళు నిండాలి, లైట్ మోటార్ (కారు లాంటి చిన్న బండ్ల) లైసెన్స్ తీసుకుని ఏడాదైనా అవ్వాలి, అప్పుడే హెవీకి ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్స్. "లైట్ లేకపోయినా మేం చూసుకుంటాం" అనే ఏజెంటు దగ్గర అసలు నిలబడకండి. మామూలు స్కూల్లో హెవీ ట్రైనింగ్ 30 రోజులకు తగ్గకూడదు, చేత్తో నడిపేది 15 గంటలకు తగ్గకూడదు. నాకు దక్కింది గంటన్నర కూడా లేదు. కేంద్రం 2021లో తెచ్చిన అక్రెడిటెడ్ (ప్రభుత్వ గుర్తింపు ఉన్న) ట్రైనింగ్ సెంటర్ల పద్ధతిలో అయితే ఆరు వారాల్లో క్లాసులు, డ్రైవింగ్ కలిపి 38 గంటలు, అక్కడ పాసైతే ఆర్టీఓ ఆఫీసులో మళ్ళీ డ్రైవింగ్ టెస్ట్ ఉండదు. కాస్త దూరమైనా అలాంటిదో, ఆర్టీసీ వాళ్ళు నడిపేదో దొరికితే అటే వెళ్ళండి. నాకైతే స్కూలు ఇంటి పక్కనే ఉందని అటు ఆలోచనే పోలేదు.

ప్రైవేటు స్కూలే దిక్కయితే, స్కూల్ లైసెన్స్ గోడకి తగిలించి ఉంటుంది, అందులో హెవీ ఉందో లేదో చదవండి, కొన్నిట్లో కారు వరకే ఉంటుంది. ట్రైనింగ్ లారీలో పక్క సీటు దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉండాలి, ఎక్కి చూడండి. డబ్బు సగమే కట్టండి. రిజిస్టర్‌లో ఏ రోజు సంతకం ఆ రోజే పెట్టండి, బండి ముట్టని రోజు అసలు పెట్టొద్దు.

మా బావమరిది కూడా వాళ్ళకే 2,000 అడ్వాన్స్ ఇచ్చొచ్చాడని నిన్న తెలిసింది. వెనక్కి అడగడానికి రేపు పొద్దున ఇద్దరం వెళ్తున్నాం, ఇస్తాడో లేదో ఇక్కడే రాస్తాను.