104 బండి, ఫ్యామిలీ డాక్టర్: మా అత్తయ్య వైద్యం ఊళ్ళోనే

మా అత్తయ్యకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. మాది పల్నాడులో మెయిన్ రోడ్డుకు బాగా లోపలగా ఉండే ఊరు. ఏళ్ళ తరబడి ఆమె మందులు, మామూలు పరీక్షలు 104 బండి (ఊళ్ళకు వచ్చే ప్రభుత్వ వైద్య వాహనం) దగ్గరే. ఊళ్ళో ఉంటూ ఇంకా వెనకాడుతున్నవాళ్ళ కోసం, దూరాన ఉద్యోగాలు చేసుకుంటూ అమ్మానాన్నల గురించి టెన్షన్ పడే పిల్లల కోసం రాస్తున్నాను.

ప్రాణం మీదికొస్తే 108కే ఫోన్ చేయాలి. 104 అలాంటిది కాదు, చెప్పిన తేదీకి తనే ఊరికొస్తుంది. 2008 ప్రాంతంలో మొదలైనప్పుడు నెలకోసారి వచ్చేది. బీపీ, షుగర్ చూసి మాత్రలిచ్చేవారు, మా ఊరి బండిలో అప్పుడు డాక్టరు ఉండేవారు కాదు. 2020 జూలై 1న మండలానికి ఒకటి చొప్పున 656 బండ్లు ఇచ్చారు. 2023 ఏప్రిల్ 6న మా జిల్లా లింగంగుంట్లలోనే ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిని మొదలుపెట్టారు. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఇద్దరు డాక్టర్లు ఉంటారు, ఊళ్ళను ఇద్దరికీ పంచుతారు. ఒకరు ఆసుపత్రిలో ఓపీ చూస్తుంటే ఇంకొకరు బండితో పాటు ఊళ్ళకు వస్తారు. నెలకు రెండుసార్లు వస్తున్నారు.

ఉచితంగా మందులు రావడం కంటే నాకు ఎక్కువ విలువైనది, చూసిన డాక్టరే మళ్ళీ చూడటం. టౌనులో ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్ళే రోజుల్లో ప్రతిసారీ కథ మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చేది. వెళ్ళిన ప్రతిసారీ కొత్త చీటీ, కొత్త మందులు. ఇక్కడ డాక్టరమ్మ రాగానే "మామ్మా, పోయినసారి బీపీ ఎక్కువుంది, ఉప్పు తగ్గించావా?" అని అడుగుతారు. పచ్చళ్ళ దగ్గర దొరికిపోతానని మా అత్తయ్యకు భయం, అందుకే నిజంగానే తగ్గించింది. నేను ఎన్నేళ్ళు చెప్పినా వినలేదు!

ఒకసారి డాక్టరమ్మ చెప్పులు విప్పమని, కాలి వేళ్ళ సందుల్లోకి వంగి చూశారు. చిటికెన వేలి పక్కన చెప్పు ఒరుసుకుని బొబ్బ చితికి ఉంది. అత్తయ్యకు నొప్పే తెలియలేదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గుతుందని, పుండ్లు అలాగే మొదలవుతాయని చెప్పి, రోజూ రాత్రి పాదాలు చూడమని నాకు అప్పజెప్పారు. ఇంట్లో వాడే బిళ్ళలన్నీ తెమ్మన్నారు. వాటిలో మోకాళ్ళ నొప్పికి కొట్లో కొనుక్కుని వేసుకుంటున్న డైక్లోఫెనాక్ అట్ట బయటపడింది. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు నొప్పి బిళ్ళలు అలవాటుగా వేసుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయని అక్కడే ఆపించారు. మా వైపు మిర్చి కోతలప్పుడు ఆ బిళ్ళ వేసుకోని మనిషి అరుదు, కాబట్టి ఈ మాట ఊరందరికీ కావాలి.

మధ్యాహ్నం నుంచి మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్తారు. మా వీధిలో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఉన్నారు. ఆటోలో ఎక్కించి దించడమే వాళ్ళకు నరకంగా ఉండేది. ఇప్పుడు ఏఎన్ఎమ్ అమ్మాయి, ఆశా అక్క వెంటరాగా డాక్టరు మంచం దగ్గరికే వస్తున్నారు. వీపు కింద పుండ్లు పడకుండా మనిషిని ఎలా తిప్పాలో ఆయన కోడలికి చేసి చూపించారు. ఈ ఒక్క పనికే నేను ఈ సేవకు నిండు మార్కులు వేస్తాను.

కొత్తగా వెళ్ళేవాళ్ళు పరగడుపు పరీక్ష చేయించుకోవాలంటే ఏమీ తినకుండా వెళ్ళి పని ముగియగానే తినేలా టిఫిన్ వెంట తీసుకెళ్ళండి. షుగర్ బిళ్ళ వేసుకుని ఖాళీ కడుపుతో లైన్లో నిలబడితే కళ్ళు తిరుగుతాయి. పాత చీటీలు, బిళ్ళల అట్టలు మరవొద్దు. అదే మందు వేరే కంపెనీది వస్తే రంగు, సైజు మారతాయి. పెద్దవాళ్ళు రెండూ వేసేసుకునే ప్రమాదం ఉంది, పాతవి పక్కన పెట్టేయండి. మూడు నెలల సగటు షుగర్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, కంటి రెటీనా పరీక్షల కోసం మేము ఏడాదికోసారైనా పెద్దాసుపత్రికి వెళ్తున్నాం, బండి ఉంది కదా అని అవి మానలేదు. డాక్టరుకు పీజీ సీటు వచ్చి వెళ్ళిపోతే కొత్తవారితో మళ్ళీ మొదలుపెట్టాలి, చీటీలు దాచుకుంటే అప్పుడు పనికొస్తాయి.

నాకున్న కోరిక వేళ గురించే. బండి ఉదయం తొమ్మిదికి వచ్చి నాలుగింటికి వెళ్తుంది. కూలికెళ్ళేవాళ్ళు అప్పటికే పొలంలో ఉంటారు. లైన్లో కనిపించేది ఎక్కువగా ముసలివాళ్ళు, బాలింతలు. నలభై దాటిన మగవాళ్ళలో ఒక్కసారి కూడా బీపీ చూపించుకోనివాళ్ళు మా బజార్లోనే ఉన్నారు. కోతల నెలల్లోనైనా ఒక పూట సాయంత్రం ఏడు దాకా ఉంచితే వాళ్ళను ఆశా అక్కతో కలిసి నేనే పిలుచుకొస్తాను.