పాత కెర్నల్ ఉండబట్టి గట్టెక్కాను: ఏడేళ్ల ల్యాప్‌టాప్ మీద నా అనుభవం

నేను ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దుతాను. విజయవాడలో ప్రచురణ సంస్థలు ఎక్కువ కాబట్టి పనికి కొదవ లేదు. డీటీపీ వాళ్లు పేజీలు పీడీఎఫ్ చేసి పంపుతారు. నేను ఒక పక్క మూలప్రతి, ఇంకో పక్క ప్రూఫు తెరుచుకుని, అక్షరం అక్షరం చూసి, గుర్తులు పెట్టి తిప్పి పంపుతాను. ఒక్కో పేజీ మీద మూడు నాలుగు నిమిషాలు నా కళ్లు తప్ప ఏదీ కదలదు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. తర్వాత జరిగినదంతా దీనితోనే ముడిపడి ఉంది.

ల్యాప్‌టాప్ 2018లో కొన్నది. ర్యామ్ ఎంత, బరువెంత అని చెప్పినా లాభం లేదు, ఆ మోడల్ ఇప్పుడు దొరకదు. ఏడో తరం ప్రాసెసర్ కాబట్టి దానికి విండోస్ 11 ఎక్కే అర్హత లేదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోతుందని ముందే ప్రకటించారు. అందుకని 2023లోనే మా చెల్లెలి కొడుకు చేత విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ల పైచిలుకు అది ఒక్కసారి కూడా ఆగలేదు. నాలుగు వందల పేజీల పీడీఎఫ్‌లు రెండు పక్కపక్కన తెరిచినా తడబడేది కాదు. అప్పట్లో అడిగినవాళ్లందరికీ, "లినక్స్‌లో అప్‌గ్రేడ్ అంటే భయమే అక్కర్లేదు, టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

2025 నవంబరులో లినక్స్ కొత్త విడుదలకి అప్‌గ్రేడ్ చేశాను. అది సాఫీగానే జరిగింది. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే పదిన్నరకల్లా రీస్టార్ట్ అయి కొత్త వాల్‌పేపర్ వచ్చింది. లోపల మారినవాటిలో ముఖ్యమైనది కెర్నల్. హార్డ్‌వేర్‌తో నేరుగా పని చేయించే భాగం అది. 6.1 వెర్షన్ నుంచి 6.12కి వెళ్లింది. చివర్లో "ఇక అవసరం లేని ప్యాకేజీలు తీసేయమంటారా" అని అడిగింది. నిద్ర ముంచుకొస్తోంది, తర్వాత చూద్దాంలే అని వద్దన్నాను.

రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు 117వ పేజీలో ఉన్నాను. ఒక పాత పద్యంలో శకటరేఫ ఉండాల్సిన చోట మామూలు ర పడింది. గుర్తు పెట్టబోతుంటే మౌసు బాణం ఆ అక్షరం మీదే ఆగిపోయింది. కదిపాను, కదల్లేదు. కీబోర్డు మీద ఏది నొక్కినా లాభం లేదు. పైన గడియారం 11.42 దగ్గర నిలబడిపోయింది. పది నిమిషాలు చూసి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాను. మళ్లీ ఆన్ చేస్తే పన్నెండు పేజీల గుర్తులు పోయాయి. సేవ్ చేసుకోలేదు, అంతకు ముందు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు కదా.

ఆ రోజు సాయంత్రం మళ్లీ ఆగింది. మర్నాడు మూడుసార్లు. నాకు టెన్షన్ మొదలైంది. జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం ఉంటుంది, ఊళ్లో ప్రతి ప్రచురణకర్తకీ పుస్తకాలు ఆలోపే బయటికి రావాలి. నా దగ్గర మూడు పుస్తకాల ప్రూఫులు ఉన్నాయి.

ముందు వేడి మీద అనుమానం వచ్చింది. ఏడేళ్ల ఫ్యాను, లోపల దుమ్ము అట్టకట్టి ఉంటుందనుకుని షాపుకి తీసుకెళ్లాను. శుభ్రం చేసి, కొత్త థర్మల్ పేస్ట్ వేసి ఇచ్చారు. ఫ్యాను చప్పుడు తగ్గింది, ల్యాప్‌టాప్ ఆగడం తగ్గలేదు. రెండోసారి వెళ్తే మదర్‌బోర్డు పోయిందన్నారు, పదకొండు వేలు అవుతుందన్నారు, అంతకంటే కొత్తది కొనుక్కోవడం మేలని కూడా అన్నారు. ఏ పరీక్షా చేయకుండా, రెండు నిమిషాల్లో చెప్పిన మాట అది. నాకు అప్పుడు కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ మాట నమ్మి ఉంటే బాగున్న మిషన్‌ని పాతసామాన్లవాడికి వేసేదాన్ని.

ఇంటికొచ్చి చెల్లెలి కొడుక్కి ఫోన్ చేశాను. "పెద్దమ్మా, మదర్‌బోర్డు సంగతి తర్వాత. ముందు ర్యామ్ చూద్దాం" అన్నాడు. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దాంతో బూట్ చేసి, రాత్రంతా నడవనిచ్చాను. పొద్దున్నకి ఒక్క ఎర్రర్ కూడా లేదు. ఎస్ఎస్‌డీ ఆరోగ్యం చూపించే స్మార్ట్ రిపోర్టు తీశాం, అదీ బాగానే ఉంది. ఈ రెండూ తేలాక నాకు కొంత ధైర్యం వచ్చింది. తర్వాత జర్నల్‌సీటీఎల్ అనే కమాండుతో క్రితంసారి నడిచినప్పటి లాగ్, అంటే లోపల జరిగినవన్నీ టైముతో సహా మిషన్ రాసుకునే చిట్టా, తెరిపించాడు. అందులో వాడు ఒకటే చూడమన్నాడు: తెర ఆగిన టైముకే లాగ్ కూడా ఆగిందా, ఇంకా ముందుకు వెళ్లిందా అని. తెర ఆగింది 3.20కి. లాగ్‌లో 3.28 దాకా వరుసలు ఉన్నాయి, అంటే నేను బటన్ నొక్కేదాకా. తెర మాత్రమే ఆగింది, లోపల మిషన్ నడుస్తూనే ఉంది!

"ఈసారి ఆగినప్పుడు బటన్ నొక్కేయకు పెద్దమ్మా. క్యాప్స్ లాక్ నొక్కి చూడు, లైటు వెలిగి ఆరుతోందేమో" అన్నాడు. అంతకంటే ముందే ఇంకో ఆధారం దొరికింది. మామూలుగా పని చేసేటప్పుడు సౌండ్ మ్యూట్‌లో పెడతాను. ఆ రోజు మధ్యాహ్నం మాత్రం ఇంటర్నెట్లో ఆకాశవాణి పెట్టుకుని పేజీలు చూస్తున్నాను. తెర ఆగింది. పాట ఆగలేదు. ఆ పాట అయిపోయింది, అనౌన్సర్ మాట్లాడింది, ఇంకో పాట మొదలైంది. నేను చెయ్యి మౌసు మీద అలాగే పెట్టుకుని వింటూ కూర్చున్నాను. క్యాప్స్ లాక్ నొక్కాను. లైటు వెలిగింది. మళ్లీ నొక్కాను, ఆరింది. అప్పుడు వాడు చెప్పినట్టు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కాను. నల్లటి తెర మీద తెల్లక్షరాలతో లాగిన్ అడిగింది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కితే నా పేజీ, నా గుర్తులు, బాణంతో సహా తిరిగొచ్చాయి. గడియారం సరైన టైము చూపించింది. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. అంతకు ముందు పోయిన పేజీలన్నీ ఇలాగే దక్కించుకోగలిగేదాన్నే అని తర్వాత గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

ప్రతిసారీ టైము, చేస్తున్న పని క్యాలెండర్ వెనక రాసి పెట్టుకున్నాను. పదకొండు సార్లు ఆగింది. పదకొండు సార్లూ నేను కదలకుండా పేజీ చదువుతున్నాను. వీడియో చూస్తున్నప్పుడు, పేజీలు గబగబా తిప్పుతున్నప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ మాట చెప్పగానే వాడు ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెద్దమ్మా, రీస్టార్ట్ చేసి మెనూలో పాత కెర్నల్‌తో ఎక్కు. ఉందో లేదో చూడు" అన్నాడు.

నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే, దేనితో బూట్ అవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ కొన్ని సెకన్లు కనిపిస్తుంది. కనిపించకపోతే, ఆన్ అవుతుండగా ఎస్కేప్ కీ నొక్కితే వస్తుంది, కొన్నిట్లో షిఫ్ట్. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనే వరుస ఉంటుంది. రెండేళ్లు రోజూ చూస్తూ ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. వెళ్తే 6.12 ఉంది, దాని కింద 6.1 కూడా ఉంది. అప్‌గ్రేడ్ కొత్త కెర్నల్ తెచ్చింది, పాతదాన్ని తీసిపారేయలేదు. బాణంతో కిందికి దిగి ఎంటర్ కొట్టాను. కొత్త డెస్క్‌టాప్, కొత్త ప్రోగ్రాములు, అడుగున పాత కెర్నల్. ఏదీ ఎదురుతిరగలేదు. కొత్త కెర్నల్ వచ్చినందువల్ల పైన నడిచే పాత ప్రోగ్రాములు పాడవకూడదని, 1991లో లినక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ పట్టుబడతాడట. నాది దానికి తిరగేసిన పరిస్థితి, పాత కెర్నల్ మీద కొత్త ప్రోగ్రాములు. ఆ నియమం దీనికి హామీ కాకపోయినా, బెజవాడలో నా పని నిలబడింది.

నాలుగు రోజులు అలాగే నడిపాను, ఒక్కసారీ ఆగలేదు. ఇక నిశ్చింతగా ప్రూఫుల మీద పడ్డాను. డిసెంబరు మూడో వారానికి మూడు పుస్తకాలూ ప్రెస్సుకి వెళ్లాయి. అప్‌గ్రేడ్ చేసిన రాత్రి ఆ క్లీనప్‌కి సరేనని ఉంటే పాత కెర్నల్ పోయేదేమోనని చాలా రోజులు గుండె దడదడలాడింది. ఆ సమయంలో నడుస్తున్న కెర్నల్‌ని అది ముట్టుకోదని తర్వాత తెలిసింది. అయినా అప్‌గ్రేడ్ అయ్యాక కనీసం నెల రోజులు క్లీనప్ జోలికి వెళ్లొద్దనే చెబుతాను.

పాత కెర్నల్‌ని నెత్తిన పెట్టుకుంటున్నా ఒక మాట ఒప్పుకోవాలి. అది ఎప్పటికీ అక్కడే ఉండిపోవడానికి కాదు. కొత్త విడుదలకి మారాక భద్రతా సవరణలు 6.12కే వస్తాయి, మెనూలో మిగిలిన 6.1 అప్‌గ్రేడ్ నాటికి ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది. బ్యాంకు పనులు కూడా ఇందులోనే చేసుకుంటాను కాబట్టి ఎక్కువ కాలం అలా ఉంచడం నాకు ఇష్టం లేదు.

పుస్తకాలు వెళ్లిపోయాక అసలు కారణం పట్టుకున్నాం. ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్, పొట్టిగా పీఎస్ఆర్ అని ఒక పద్ధతి ఉంది. తెరని గ్రాఫిక్స్ చిప్పుతో కలిపే ఈడీపీ అనే ప్రమాణం ఉంది, 2011లో వచ్చిన దాని 1.3 వెర్షన్‌తో ఇది ల్యాప్‌టాప్ తెరలకి వచ్చింది. తెర మీద బొమ్మ మారనప్పుడు గ్రాఫిక్స్ చిప్పు మాటిమాటికీ అదే బొమ్మ పంపకుండా విశ్రాంతి తీసుకుంటుంది. తెర తన సొంత మెమరీలో దాచుకున్న బొమ్మనే చూపిస్తూ ఉంటుంది. దానివల్ల బ్యాటరీ ఆదా. ఏదైనా కదలగానే చిప్పు లేచి కొత్త బొమ్మ పంపాలి. నా ల్యాప్‌టాప్‌లో కొత్త కెర్నల్ కింద ఆ లేవడమే కుదరడం లేదు. తెర పాత బొమ్మనే పట్టుకుని కూర్చుంటోంది. మరో పేజీ తిప్పకుండా అక్షరాలు చూస్తూ కూర్చునే నాలాంటి వాళ్లకే ఇది ఎక్కువ బయటపడుతుంది. సినిమాలు చూసేవాళ్లకి నెలల తరబడి తెలియకపోవచ్చు.

మందు చిన్నదే. గ్రబ్ మెనూలో 6.12 వరుస మీద ఉండి కీబోర్డు మీద ఇ అక్షరం నొక్కితే కొన్ని వరుసలు వస్తాయి. లినక్స్ అని మొదలయ్యే వరుస చివరికి వెళ్లి, ఒక ఖాళీ వదిలి టైపు చేయాలి. వాడు ఫోన్లో ఒక్కొక్కటే చెప్పాడు: ఐ915, చుక్క, ఎనేబుల్, అండర్‌స్కోర్, పీఎస్ఆర్, ఈక్వల్, సున్నా. మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ఎఫ్10 నొక్కితే ఆ ఒక్కసారికి పీఎస్ఆర్ లేకుండా బూట్ అవుతుంది. తేడా చేస్తే రీస్టార్ట్ చాలు, ఏదీ శాశ్వతంగా మారదు. వారం రోజులు రోజూ ఇలాగే ఎక్కి, ఒక్కసారీ ఆగలేదని తేలాకే గ్రబ్ సెట్టింగుల ఫైల్లో రాసి, అప్‌డేట్ గ్రబ్ కమాండు ఇచ్చి ఖాయం చేసుకున్నాను. ఐ915 అనే ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ నడిచే ల్యాప్‌టాప్‌లకే ఈ మాట పనిచేస్తుంది. వేరే గ్రాఫిక్స్ ఉన్నవాళ్ల సంగతి వేరు.

అప్పటి నుంచి ఆరు నెలలు దాటింది, తెర ఆగలేదు. బ్యాటరీ మాత్రం తగ్గింది. 2022లో మార్చిన బ్యాటరీ ఇదివరకు నాలుగు గంటలకు పైగా వచ్చేది, ఇప్పుడు మూడున్నర దగ్గర ఎర్రగీత చూపిస్తోంది. నేను ఎక్కువగా ప్లగ్ పెట్టుకునే పని చేస్తాను కాబట్టి సరిపోతోంది. బస్సుల్లో, రైళ్లలో పని చేసుకునేవాళ్లకి ఆ అరగంట పెద్ద నష్టమే.

కొత్త ల్యాప్‌టాప్ కొనమంటావా, ఉన్నదానిలో లినక్స్ వేసుకోమంటావా అని అడిగేవాళ్లకి నా సమాధానం ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా ఉంటోంది. నాది చదివి గుర్తులు పెట్టే పని, దానికి ఇది హాయిగా సరిపోయింది. అను ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద పని చేసే డీటీపీ వాళ్లని మాత్రం దిగమనను, వాళ్ల పనంతా విండోస్‌లోనే ఉంది. ఫోన్ చేస్తే విసుక్కోకుండా పలికే మనిషి నాకు ఒకడున్నాడు, అది కూడా లెక్కలో వేసుకోవాలి. ఇక పనుల ఒత్తిడి ఉన్న నెలలో అప్‌గ్రేడ్ పెట్టుకోవద్దు. నేను నవంబరులో పెట్టుకున్నాను, వచ్చేసారి పుస్తక మహోత్సవం అయిపోయాకే చేస్తాను.

రోజూ 6.12తోనే ఎక్కుతున్నాను. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో 6.1 ఇప్పటికీ ఉంది, తీసేయడానికి మనసు రావడం లేదు. బూట్ విభాగంలో చోటు తక్కువైతే అప్పుడు చూస్తాను.