స్క్రీనర్‌తో చౌక షేర్ల వెతుకులాట: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

గుంటూరులో ఉంటూ సొంత పొదుపును నేరుగా షేర్లలో పెట్టే మదుపరిగా కంపెనీల లెక్కలు చూపించి, మనం పెట్టిన షరతులకు సరిపోయే వాటిని జల్లెడ పట్టి ఇచ్చే స్క్రీనర్ వెబ్‌సైట్‌ను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. అసలు విలువ కంటే తక్కువ ధరకు దొరికే కంపెనీలను గుర్తించడమే నా అవసరం కనుక సమీక్షను కూడా ఆ ఒక్క పనికే పరిమితం చేస్తున్నాను. ఒక్కో కంపెనీకి పదేళ్ల లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ, నగదు ప్రవాహ పట్టిక ఒకే పేజీలో దొరుకుతాయి. వార్షిక నివేదికల లింకులు కూడా అక్కడే ఉంటాయి. అంకెలన్నిటినీ ఎక్సెల్‌లోకి దించుకోవచ్చు. చిన్న మదుపరికి ఇది నిజంగా పెద్ద సాయం.

జాబితా కోసం నేను పెట్టుకునే షరతులు సాధారణమైనవే: మార్కెట్ విలువ (మొత్తం షేర్ల ధర) 500 కోట్ల రూపాయలకు పైన, పీఈ నిష్పత్తి (మార్కెట్ విలువ ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పేది) 15 లోపు, వినియోగించిన మూలధనంపై రాబడి 15 శాతానికి పైన, అప్పు-ఈక్విటీ నిష్పత్తి (వాటాదారుల సొమ్ముతో పోల్చితే కంపెనీ అప్పు) 0.5 లోపు. నాలుగు షరతులూ దాటిన కంపెనీ నాలుగు పరీక్షల్లో నెగ్గినట్టు కనిపిస్తుంది కానీ, ముడిసరుకు ధరల మీద ఆధారపడిన పరిశ్రమల్లో అది నిజం కాదు. లాభం శిఖరానికి చేరిన ఏడాదిలో పీఈ తగ్గుతుంది, మూలధనంపై రాబడి పెరుగుతుంది, వచ్చిన డబ్బుతో అప్పు తీరుతుంది. అంటే మూడు షరతులూ ఒకే లాభాన్ని మూడు వైపుల నుంచి కొలుస్తున్నాయి.

మా ప్రాంతంలో అందరికీ తెలిసిన స్పిన్నింగ్ మిల్లుల సంగతే దీనికి మంచి ఉదాహరణ. 2021-22లో నూలు ధర, అంతకుముందే కొనిపెట్టుకున్న పత్తి ధర కంటే వేగంగా పెరగడంతో మిల్లుల లాభాలు అసాధారణంగా పెరిగాయి. 2022 మే నాటికి 356 కిలోల దూది క్యాండీ ధర లక్ష రూపాయలు దాటింది. ఆ తర్వాతి ఏడాది ఖరీదైన పత్తి, పడిపోయిన గిరాకీ కలిసి చాలా మిల్లుల లాభాలను బాగా కుదించాయి. 600 కోట్ల మార్కెట్ విలువ ఉన్న మిల్లు ఒక ఏడాది 120 కోట్లు సంపాదించిందనుకుందాం. పీఈ 5 అని కనబడుతుంది. దాని పదేళ్ల సగటు లాభం 40 కోట్లే అయితే మనం నిజంగా చెల్లిస్తున్నది 15 రెట్లు. అందుకే ఇటువంటి పరిశ్రమల్లో గడచిన నాలుగు త్రైమాసికాల పీఈని పూర్తిగా పక్కన పెట్టి, ఎక్సెల్‌లో సగటు లాభం మీదనే ధరను బేరీజు వేస్తున్నాను. పల్నాడు సిమెంటు కంపెనీలకైతే లాభంతో పాటు, టన్ను ఉత్పాదక సామర్థ్యానికి మార్కెట్ ఎంత ధర కడుతోందో కూడా చూడాలి.

ఇన్నేళ్ల వాడకంలో నాకు అత్యంత విలువైనదిగా తేలింది నగదు ప్రవాహ పట్టిక. పదేళ్ల నికర లాభాల మొత్తాన్ని, అదే కాలంలో వ్యాపార కార్యకలాపాల నుంచి వచ్చిన నగదు మొత్తంతో పోల్చి, నగదు ఆ లాభాల్లో 70 శాతం కంటే తగ్గితే ఎంత చౌకగా ఉన్నా ఆ కంపెనీని వదిలేస్తాను. పురుగుమందుల కంపెనీల్లో ఈ పరీక్ష మరీ అవసరం. సరుకు డీలరుకు చేరగానే అమ్మకం పద్దులోకి ఎక్కుతుంది కానీ, డీలరు రైతుకు అరువిచ్చి మిర్చి, పత్తి అమ్ముడుపోయేదాకా ఎదురుచూస్తాడు. పంట దెబ్బతిన్న ఏడాది కాగితం మీద లాభం ఉండి కూడా డబ్బు రాకపోవచ్చు. రావలసిన బాకీల రోజులు (అమ్మిన సరుకుకు డబ్బు చేతికందడానికి పట్టే కాలం) ఏటా పెరుగుతున్నాయా అన్నది ఆ పేజీలోనే తెలిసిపోతుంది. అద్దె దుకాణాలు, గోదాములు ఎక్కువగా ఉన్న కంపెనీల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి: 2019 ఏప్రిల్ 1 నుంచి అమలైన లీజుల అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 116 ప్రకారం లీజు చెల్లింపుల్లో అసలు భాగం ఆర్థిక కార్యకలాపాల కిందికి పోతుంది కనుక, ఆ తర్వాతి సంవత్సరాల్లో కార్యకలాపాల నగదు పాత సంవత్సరాల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ అసలు భాగాన్ని తీసివేయకుండా పోల్చకూడదు.

‘ఇతర ఆదాయం’ వరుసను చూడకుండా పీఈని నమ్మడం కూడా సరికాదు. స్థలం అమ్మినా, డిపాజిట్ల మీద వడ్డీ వచ్చినా అది లాభంలోనే కలుస్తుంది. సంభావ్య బాధ్యతలు (కోర్టు కేసుల్లాంటివి ఎదురు తిరిగితే మీద పడగల చెల్లింపులు), ప్రమోటర్ల సొంత సంస్థలకు ఇచ్చిన అప్పులు, సంబంధిత పక్షాలతో లావాదేవీలు వంటివాటికి మాత్రం వార్షిక నివేదికలోని నోట్సే ఆధారం, వాటిని వరుసగా చదవక తప్పదు. హోల్డింగ్ కంపెనీలు (ఇతర కంపెనీల్లో వాటాలు పట్టుకుని ఉండేవి) పుస్తక విలువలో, అంటే అప్పులు పోను మిగిలే ఆస్తుల విలువలో, సగానికే దొరికినా నేను ముట్టుకోను, ఎందుకంటే ఆస్తులను పంచే ఉద్దేశం యాజమాన్యానికి లేకపోతే ఆ తేడా దశాబ్దాల పాటు అలాగే ఉండిపోగలదు.

ఫిల్టరు నిమిషంలో జాబితా ఇస్తుంది కానీ, అందులోని ఒక్కో కంపెనీని పరిశీలించడానికి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. అంత తీరిక, ఆసక్తి ఉన్నవారికి స్క్రీనర్‌ను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. లేనివారికి మార్కెట్ సూచీలోని షేర్లన్నిటినీ కొనే ఇండెక్స్ ఫండే మేలని నా అభిప్రాయం.