మిషనరీ కుటుంబాల్లో పెరిగి గాయపడినవారి కోసం నడిచే ఒక ఆన్‌లైన్ కౌన్సెలింగ్ బృందం: సమీక్ష

దైవసేవ పేరిట దేశాలు మారుతూ పెరిగి, ఆ సేవా వాతావరణంలోనే హింసకు గురైన పిల్లలకు పెద్దయ్యాక నోరు విప్పే చోటు దొరకడం కష్టం. అటువంటివారి కోసమే ఇద్దరు మానసిక చికిత్సకులు నడుపుతున్న ఈ బృందంలో ఒక విడత పూర్తి చేశాను.

వారు తొందరపెట్టరు. అమెరికన్ మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో వివరించిన మూడు దశలను, అంటే ముందు భద్రత, తర్వాత జరిగినదాన్ని తలచుకుని దుఃఖించడం, ఆపైన మనుషులతో తిరిగి కలవడం అనే క్రమాన్ని పాటిస్తారు కనుక, తొలి వారాలు నిద్ర గురించీ, కీర్తన వినగానే ఊపిరి బిగుసుకుపోవడం గురించీ సాగాయి. విశ్వాసం ఉందా, పోయిందా అని ఎవరినీ అడగలేదు. క్షమించమని ఒత్తిడి చేయలేదు. అభిషిక్తులకు, అంటే దేవుడే నియమించాడని భావించే సేవకులకు, వ్యతిరేకంగా మాట్లాడితే దేవుని పనికి అడ్డుపడినట్లేనని వింటూ పెరిగినవారికి ఇది ఎంతో పెద్ద ఊరట.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది మరొకటి. తల్లిదండ్రుల సంస్కృతికి బయట, మరో దేశంలో పెరిగినవారిని సామాజిక శాస్త్రవేత్త రూత్ యూసీం 1950లలో 'మూడవ సంస్కృతి పిల్లలు' అని పేర్కొన్నారు; అలాంటి మా విషయంలో, మామూలు కౌన్సెలర్లు హింసను గుర్తిస్తారు గాని, తల్లిదండ్రులను మరో సేవాక్షేత్రానికి పంపగానే పెంచిన ఆయా, ఆడుకున్న భాష, నేస్తాలు ఒక్కసారిగా దూరమైన దుఃఖాన్ని దాటవేస్తారు. ఇక్కడ రెంటికీ చోటిచ్చారు. బోర్డింగ్ స్కూల్లో జరిగింది ఘోరమే, ఆ స్కూలున్న దేశం మీద ప్రేమా నిజమే. ఆ ప్రేమను ఒప్పుకుంటే ఘోరాన్ని ఎవరూ నమ్మరేమోనన్న భయం మాలో చాలామందికి ఉందని అక్కడే తెలిసింది. సెనెగల్‌లోని ఫాండా మిషనరీ పాఠశాలలో పిల్లలపై జరిగిన హింస గురించి 2010లో వెలువడిన విచారణ నివేదిక గురించి చర్చించే ముందు, ప్రతి ఒక్కరి సమ్మతినీ విడిగా అడిగారు.

లోపాలు లేకపోలేదు. దరఖాస్తులో స్వదేశానికి ఒకే గడి ఉంది. ఈ బృందం ఎవరి కోసమో తెలిసినవారు చేయకూడని పొరపాటు అది. అంతకంటే ముఖ్యంగా, మిషన్ సంస్థపై ఫిర్యాదు చేయదలచినవారికి న్యాయసహాయం ఎలా పొందాలో చెప్పేవారు లేరు. నిర్వాహకులు దీన్ని వెంటనే సరిదిద్దాలి.

బయటపడి కొంతకాలమైనవారికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఇంటికీ ఉపాధికీ ఇంకా ఆ సంస్థ మీదే ఆధారపడి ఉన్నవారు మాత్రం, ముందుగా ఒంటరిగా ఒక చికిత్సకుని కలిసి, తమ భద్రత చూసుకున్నాకే చేరడం మంచిది.