పలక కింద దాచిన బోల్టు: నాలుగేళ్లు వాడిన స్క్రాచింగ్ పోస్ట్

నాలుగేళ్లుగా మా పిల్లి గోళ్లతో గీరుకోవడానికి వాడుతున్న ఈ స్క్రాచింగ్ పోస్ట్ (తాడు చుట్టిన స్తంభం) మీద నాకున్న కోపమంతా ఒక్క బోల్టు గురించే. 90 సెంటీమీటర్ల స్తంభాన్ని అడుగు పలకకు బిగించి ఉంచేది ఆ బోల్టే కాగా, తయారీదారులు దాని తల కనబడకుండా పలక కింద దళసరి గుడ్డ అతికించేశారు.

మూడున్నరేళ్లపాటు చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. నిద్ర లేవగానే పిల్లి నేరుగా స్తంభం దగ్గరికి వెళ్లి, ముందుకాళ్లు పైకి చాచి, వీపంతా సాగదీసి బరబరా గీరేది. ఒకనాటి ఉదయం మాత్రం అక్కడిదాకా వెళ్లి, ఒక్కసారి పంజా ఆనించి, వెనుదిరిగి సోఫా చేతి మీద పడింది. వారం తిరిగేసరికి సోఫా గుడ్డ పోగులు పోగులుగా వేలాడసాగింది.

నేను కారణాన్ని పిల్లిలోనే వెతికాను. గోళ్ల పైపొర వదిలించుకోవడానికీ, ఒళ్లు సాగదీయడానికీ మాత్రమే కాక, పంజాల్లోని గ్రంథుల వాసనతో తమ చోటుకు గుర్తు పెట్టుకోవడానికి కూడా పిల్లులు గీరుతాయి కనుక, కిటికీ అవతల కొత్తగా తిరుగుతున్న మరో పిల్లిని చూసి కలవరపడిందేమోనని తెర దించాను. ఫలితం లేదు. కీళ్ల నొప్పి వల్ల కూడా కొన్ని పిల్లులు నిటారుగా చాచుకోలేక గీరే చోటు మారుస్తాయి. ఆ భయంతో పశువైద్యురాలికి చూపించాను. ఆమె భుజాలు, మోచేతులు, ఒక్కొక్క గోరు పరిశీలించి, లోపమేమీ కనిపించలేదని చెప్పి, "పిల్లి లాగే ఎత్తులో ఆ స్తంభాన్ని మీరొకసారి పట్టుకుని లాగి చూడండి" అన్నారు.

ఆ సాయంత్రం నేల మీద కూర్చుని, పైభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగాను. పక్కనుంచి తోస్తే స్థిరంగా కనిపించిన స్తంభం టక్కుమని వేలెడు మేర నా వైపు వాలింది. నాలుగు కిలోల ప్రాణి తన బరువంతా వేసి వేలాడే క్షణంలో పట్టు కదిలితే అది మళ్లీ దాని జోలికి ఎందుకు వెళ్తుంది? అన్నాళ్లూ దాన్నే తప్పుపట్టినందుకు నా మనసు చివుక్కుమంది. పలక కింది గుడ్డ కోసి, పానాతో బోల్టు బిగించి, స్తంభాన్ని సోఫా పక్కకు జరిపి, సోఫా చేతి మీద, రెండు ముఖాలకూ జిగురుండే టేపు వేశాను. అయినా అది పాత అలవాటుకు పూర్తిగా రావడానికి మూడు వారాలు పట్టింది.

తాడు మార్చుకునే వీలుండడం గొప్ప సౌకర్యమని కొన్న కొత్తలో అందరికీ చెప్పాను. ఆ మాట కొంత సవరించుకోవాలి. కిత్తనార తాడు మొత్తం ఒకేసారి మార్చినప్పుడు పిల్లి రెండు రోజులు వాసన చూసి తప్పుకుంది. మన కంటికి చిరిగి పాతబడినదే దానికి తన గుర్తులున్న చోటు. ఇప్పుడు సగం పాత తాడు అలాగే ఉంచి, మిగిలిన సగమే మారుస్తున్నాను.

మాకున్నది ఏడేళ్ల పిల్లి ఒక్కటే, అదీ నిటారుగా గీరే అలవాటున్నది. నేల మీద అడ్డంగా గీరేవాటికి, వయసు మళ్లి కీళ్లు పట్టేసినవాటికి ఇది నప్పుతుందని నేను చెప్పలేను. మా ఇంటి మటుకు దీన్ని మార్చే ఉద్దేశం లేదు. కోసిన గుడ్డను మళ్లీ అతికించలేదు, నెలకోసారి పలక తిరగేసి బోల్టు బిగిస్తున్నాను.