పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్: ఏళ్ల తరబడి వాడాక

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడిచే అప్లికేషన్ స్లో అయిందని ఎవరైనా అనగానే నేను ముందు చూసేది పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌నే. లాగ్‌లు ఆ తర్వాత. ఏ క్వెరీ ఎన్నిసార్లు నడిచిందో, ఎంత సమయం తీసుకుందో లెక్కపెట్టి పట్టికలా చూపించే ఎక్స్‌టెన్షన్ ఇది, 2009లో పోస్ట్‌గ్రెస్ 8.4 వెర్షన్‌తో వచ్చింది. విలువలు మాత్రమే తేడాగా ఉన్న క్వెరీలను ఒకే వరుసలో కలిపి చూపించడం 2012లో 9.2తో మొదలైంది. నిజంగా పనికొచ్చింది అప్పటినుంచే.

దీన్ని మొదటి రోజే పెట్టుకోవాలి. షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్ అనే సెట్టింగ్‌లో దీని పేరు చేర్చి సర్వర్ రీస్టార్ట్ చేస్తే గానీ పనిచేయదు. ప్రొడక్షన్ మూలుగుతున్నప్పుడు రీస్టార్ట్‌కు పర్మిషన్ అడిగి చూడండి, ఆ టెన్షన్ ఏంటో తెలుస్తుంది.

చాలామంది సగటు సమయాన్ని బట్టి వరుస పేర్చి చూస్తారు. నేను మొత్తం సమయాన్నే చూస్తాను. ఒకసారి అందరి అనుమానం తొమ్మిది సెకన్లు పట్టే రిపోర్టు మీద. అది రోజంతా కలిపి ఇరవై సార్లు నడిచింది, అంటే మూడు నిమిషాలు. పట్టికలో పైన కూర్చున్నది మాత్రం కస్టమర్ల టేబుల్‌లో ఐడీతో ఒక్క వరుస తెచ్చే క్వెరీ. ఒక్కోసారికి అర మిల్లీసెకనే, కానీ కాల్స్ నలభై లక్షలు! అరగంట దాటిపోయింది. ఆర్డర్ల పేజీలో ఒక్కో ఆర్డర్‌కు ఓఆర్ఎమ్ (కోడ్ నుంచి క్వెరీలు తయారుచేసే లైబ్రరీ) విడిగా వెళ్లి కస్టమర్‌ను తెస్తోంది. ఇండెక్స్ బాగానే ఉంది, క్వెరీ ఎలా నడుస్తుందో (ప్లాన్) చూపే ఎక్స్‌ప్లెయిన్‌లో వంక పెట్టడానికేమీ లేదు. రెండు టేబుళ్లను కలిపే జాయిన్‌తో ఒకేసారి తెచ్చేలా మారిస్తే పేజీ తేలికపడింది. పైగా ఇది కొలిచేది సర్వర్ లోపలి సమయమే. నెట్‌వర్క్‌లో అన్నిసార్లు వెళ్లి రావడానికి పట్టే సమయం ఇందులో కనిపించదు, కాబట్టి యూజర్‌కు తగిలే దెబ్బ ఇంకా పెద్దది.

ఇక విసిగించేవి. టైమౌటై క్యాన్సిలయిన క్వెరీ ఇందులో నమోదు కాదు. అంటే అన్నిటికంటే ఘోరంగా నడిచినదే పట్టికలో ఉండదు! దానికి లాగ్‌లో ఎర్రర్లు వెతుక్కోవాల్సిందే. ప్లాన్‌ను భద్రపరచదు, క్వెరీలోని అసలు విలువలనూ భద్రపరచదు. ఒక్క కస్టమర్‌కే ఎందుకు నెమ్మదిస్తోందో తెలియాలంటే నెమ్మదిగా నడిచిన క్వెరీల ప్లాన్‌ను లాగ్‌లో రాసే ఆటో_ఎక్స్‌ప్లెయిన్ తోడు కావాలి. దాంట్లో అనలైజ్ (అసలు పట్టిన సమయాన్ని కొలవడం) ఆన్ చేస్తే భారం పెరుగుతుంది, చూసుకుని చేయండి. లాక్ కోసం ఆగిన సమయం కూడా క్వెరీ ఖాతాలోనే పడుతుంది. క్వెరీలోని IN (...) జాబితాలో విలువల సంఖ్య మారినప్పుడల్లా కొత్త వరుస పుట్టడం మరో తలనొప్పిగా ఉండేది. డిఫాల్ట్ పరిమితి 5000 వరుసలు కాబట్టి అరుదుగా వచ్చేవి బయటికి పోయేవి. 18వ వెర్షన్‌లో ఆ విలువలను కలిపేస్తున్నారు, హమ్మయ్య.

అంకెలు రీసెట్ చేసినప్పటినుంచి పోగవుతూనే ఉంటాయి. నిన్నటి ఇబ్బంది తెలియాలంటే గంటకోసారి పట్టికను కాపీ చేసి తేడా తీయాలి. ఇది నేను ప్రతి సర్వర్‌లో చేస్తాను. లెక్క యూజర్ వారీగా ఉంటుంది కాబట్టి ఒక్కో సర్వీస్‌కు వేరే డేటాబేస్ యూజర్ ఇస్తే ఏది మింగేస్తోందో వెంటనే తెలుస్తుంది.

పాత వెర్షన్ నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట: 13లో టోటల్_టైమ్ కాలమ్ పేరు టోటల్_ఎగ్జిక్_టైమ్‌గా మారింది. అప్‌గ్రేడ్ తర్వాత డ్యాష్‌బోర్డు ఖాళీగా కనిపిస్తే ముందు అక్కడ చూడండి.